హ్యాంగ్ అయ్యే ల్యాప్‌టాప్ – 3వ పాఠం: డిస్క్ దగ్గర ఆగుతోందా?

గత పాఠం చివర మీకొక పని ఇచ్చాను. ల్యాప్‌టాప్ హ్యాంగ్ అయిన ప్రతిసారీ తేదీ, టైమ్, అప్పుడు ఏమేం తెరిచి ఉన్నాయి, దానంతటదే తేరుకుందా లేక పవర్ బటన్ నొక్కిపట్టి ఆపాల్సి వచ్చిందా అన్నవి ఒక కాగితం మీద రాసుకోమన్నాను. ఈ పాఠమంతా ఆ కాగితం మీదే నడుస్తుంది. ఇంకా రాయనివాళ్లు రెండు మూడు రోజులు రాసి, అప్పుడు ఇక్కడికి రండి. టైమ్ రాసి లేకపోతే కింద చెప్పేదాంట్లో సగం పనికిరాదు.

మీ కాగితం మీద 'కాసేపు ఆగింది, మళ్లీ కదిలింది' అన్న మాట ఎక్కువసార్లు కనిపిస్తుంటే ఈ పాఠం మీ కోసమే. ఒకసారి బిగుసుకుపోతే ఇక ఎంతసేపు చూసినా కదలనిది, స్క్రీన్ మీద గీతలు పడేది, స్పీకర్లో ఒకే శబ్దం బర్రుమంటూ ఉండిపోయేది వేరే రకం. దానికి ర్యామ్‌నీ గ్రాఫిక్స్‌నీ వేడినీ చూడాలి. అది వచ్చే పాఠం.

డిస్క్ తప్పు ఎలా కనిపిస్తుంది

మౌస్ బాణం హాయిగా కదులుతుంది. క్యాప్స్ లాక్ నొక్కితే లైటు వెలుగుతుంది, ఆరుతుంది. కానీ స్టార్ట్ మెనూ నొక్కితే తెరుచుకోదు. ఫోల్డర్ మీద క్లిక్ చేస్తే ఏమీ జరగదు. విసుగొచ్చి నాలుగైదు చోట్ల నొక్కుతారు. అర నిమిషం తర్వాత, నొక్కినవన్నీ ఒకేసారి టపటపా తెరుచుకుంటాయి.

ఈ వరస గుర్తుపెట్టుకోండి. బాణం కదలడానికి కావలసింది అప్పటికే ర్యామ్‌లో ఉంది కాబట్టి అది కదిలింది. మెనూ తెరవడానికి డిస్క్ నుంచి ఏదో చదవాలి. ఆ చదవడం దగ్గరే పని ఆగింది. ప్రాసెసర్ ఖాళీగానే ఉంది, డిస్క్ కోసం ఎదురుచూస్తోంది. మీ క్లిక్కులు ఎక్కడికీ పోలేదు, వరసలో నిలబడ్డాయి.

పాత హార్డ్ డిస్క్ ఇలా ఎందుకు చేస్తుందో కాస్త వివరంగా చూద్దాం. ల్యాప్‌టాప్ హార్డ్ డిస్కులు చాలావరకు నిమిషానికి 5400 సార్లు తిరుగుతాయి. అంటే ఒక చుట్టుకు సుమారు 11 మిల్లీసెకన్లు. డిస్క్ మీద ఒక చిన్న గడి, అంటే సెక్టర్, సరిగా చదవడానికి రాలేదనుకోండి. డిస్క్ వెంటనే చేతులెత్తేయదు. ఆ సెక్టర్ మళ్లీ హెడ్ (చదివే సూది లాంటి భాగం) కిందికి వచ్చేదాకా ఒక చుట్టు ఆగి ఇంకోసారి చదువుతుంది. రాకపోతే ఇంకోసారి. వంద ప్రయత్నాలకే సెకను దాటిపోతుంది, వేయి ప్రయత్నాలంటే 11 సెకన్లు. రేషన్ షాపులో ఒక పెద్దాయన వేలిముద్ర మిషన్ మీద పడకపోతే వెనక క్యూ అంతా ఆగిపోయినట్టు, ఈ ఒక్క సెక్టర్ తేలేదాకా మిగతా ప్రోగ్రాములు అడిగినవన్నీ ఆగిపోతాయి. దెబ్బతిన్న సెక్టర్లు పక్కపక్కనే నాలుగైదు ఉంటే ఆ ఆగడం నిమిషాల్లోకి వెళ్తుంది.

అందుకే డిస్క్ పాడవుతున్న ల్యాప్‌టాప్ అన్ని వేళలా నెమ్మదిగా ఉండదు. మంచి సెక్టర్లు చదివినంతసేపూ మామూలుగానే నడుస్తుంది. ఫలానా ఫైల్ ముట్టుకున్నప్పుడే ఆగుతుంది. షాపుకు తీసుకెళ్లగానే బాగా పనిచేసి మనల్ని అబద్ధాలకోర్లను చేసేది ఈ రకమే.

ఆగినప్పుడే పట్టుకోవడం

టాస్క్ మేనేజర్ తెరవడం 1వ పాఠంలో నేర్చుకున్నాం: కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కడం. అయితే హ్యాంగ్ అయ్యాక తెరవబోతే టాస్క్ మేనేజర్‌ని కూడా డిస్క్ నుంచే తేవాలి కదా, అది కూడా క్యూలో నిలబడుతుంది. కాబట్టి ముందే తెరిచిపెట్టుకోండి. దాని సెట్టింగ్స్‌లో 'ఆల్వేస్ ఆన్ టాప్' పెట్టుకుంటే మిగతా కిటికీల వెనక దాక్కోదు. పెర్ఫార్మెన్స్ పేజీలో డిస్క్ 0 ఎంచుకుని మీ పని మీరు చేసుకోండి.

ఆగిన క్షణాన అక్కడ మూడు అంకెలు చూడాలి. యాక్టివ్ టైమ్, యావరేజ్ రెస్పాన్స్ టైమ్, రీడ్ స్పీడ్.

యాక్టివ్ టైమ్ 100 శాతం కనబడగానే 'డిస్క్ పోయింది' అనేస్తారు చాలామంది. ఆ ఒక్క అంకెను చూసి తీర్పు చెప్పకండి. ఆరోగ్యంగా ఉన్న హార్డ్ డిస్క్ కూడా విండోస్ అప్‌డేట్ దిగుతున్నప్పుడు, యాంటీవైరస్ స్కాన్ నడుస్తున్నప్పుడు గంటల తరబడి 100 దగ్గరే ఉంటుంది. తేడా మిగతా రెండు అంకెల్లో ఉంది. రీడ్ స్పీడ్ ఎంతో కొంత కదులుతూ, రెస్పాన్స్ టైమ్ పదుల్లోనో వందల్లోనో మిల్లీసెకన్లు ఉంటే డిస్క్ పని చేస్తోంది, పని ఎక్కువైంది అంతే. యాక్టివ్ టైమ్ 100 ఉండి, రీడ్ స్పీడ్ సున్నాకు పడిపోయి, రెస్పాన్స్ టైమ్ వేలల్లోకి వెళ్తే డిస్క్ ఒకేచోట తలబాదుకుంటోంది. ఈ రెండో దృశ్యాన్ని ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. షాపులో మాట్లాడేటప్పుడు అది మీ సాక్ష్యం.

మొదటి దృశ్యమే కనిపిస్తే, పక్కనే మెమరీ పేజీ కూడా చూడండి. 4 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్లో పది ట్యాబులు, జూమ్ క్లాసు కలిపి తెరిస్తే మెమరీ 90 శాతం దాటుతుంది. చోటు చాలక విండోస్ ర్యామ్‌లో ఉన్నదాన్ని డిస్క్ మీదకి దించుతూ, మళ్లీ ఎక్కిస్తూ ఉంటుంది. పైకి డిస్క్ జబ్బులా కనిపించినా అది ర్యామ్ కొరత.

ఈవెంట్ వ్యూయర్

లోపల జరిగిన తప్పులనూ హెచ్చరికలనూ విండోస్ టైమ్‌తో సహా ఒక లాగ్‌లో, అంటే చిట్టాలో, రాసుకుంటుంది. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే దాన్ని చూపించే ఈవెంట్ వ్యూయర్ అని ఉంటుంది. తెరిచి ఎడమ వైపు విండోస్ లాగ్స్, అందులో సిస్టమ్ ఎంచుకోండి. ఎర్ర గుర్తులు, పసుపు గుర్తులు బోలెడు కనిపిస్తాయి. టెన్షన్ పడకండి, ఏ జబ్బూ లేని ల్యాప్‌టాప్‌లోనూ అవి ఉంటాయి. పై నుంచి కిందకి చదవడం కాదు మన పని. మీ కాగితం మీది టైమ్ దగ్గరికి వెళ్లండి.

అక్కడ సోర్స్ అన్న గడిలో 'డిస్క్' అని, ఈవెంట్ ఐడీ 7 అని ఉంటే బ్యాడ్ బ్లాక్, అంటే డిస్క్ మీద పాడైన చోటు, దొరికిందని అర్థం. 153 అంటే చదవడం కుదరక విండోస్ ఆ పనిని మళ్లీ చేయించింది. 129 అంటే డిస్క్ ఎంతకీ జవాబివ్వకపోతే విండోస్ దాన్ని రీసెట్ చేసింది; దీని సోర్స్ గడిలో 'డిస్క్' బదులు స్టోరేజ్ డ్రైవర్ పేరు ఉంటుంది. 129, 153 సాధారణంగా ఆగిన క్షణంలో కాక, ఎదురుచూసే గడువు ముగిశాక నమోదవుతాయి. మీరు రాసుకున్న టైమ్‌కి అర నిమిషం, నిమిషం తర్వాత వరకు చూడండి.

ఆ సందేశంలో ఏ డిస్క్ అన్నది కూడా చదవాలి. హార్డ్‌డిస్క్0 అని ఉంటే ఎక్కువగా లోపలిదే. హార్డ్‌డిస్క్1 అని ఉంటే అది మీరు ఆ రోజు పెట్టిన పాత పెన్ డ్రైవ్ కావచ్చు. స్టార్ట్ బటన్ రైట్ క్లిక్‌లోనే ఉండే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఏ నంబరు దేనిదో సరిచూసుకోండి. పెన్ డ్రైవ్ తప్పుకు లోపలి డిస్క్ మార్చేసుకున్నవాళ్లు ఉన్నారు.

ఇక అందరినీ భయపెట్టే కెర్నెల్ పవర్ 41 సంగతి. దాన్ని చూసి చార్జరో బ్యాటరీయో పోయిందనుకుంటారు. విండోస్ సరిగా షట్ డౌన్ కాకుండా మళ్లీ మొదలైందన్నదే ఆ నంబరు చెప్పేది. హ్యాంగ్ అయ్యాక మీరు పవర్ బటన్ నొక్కిపట్టి ఆపారు కదా, దాని గుర్తు అది. హ్యాంగ్‌కి కారణం 41లో వెతక్కండి.

లాగ్‌లో ఏమీ లేకపోతే? డిస్క్ నిర్దోషి అని అప్పుడే అనుకోవద్దు. ఆ లాగ్ రాయాల్సింది కూడా అదే డిస్క్ మీద. డిస్క్ పూర్తిగా జవాబివ్వడం మానేసి, మీరు బలవంతంగా ఆపేస్తే, రాయాల్సినది రాయకుండానే పోతుంది. అందుకే డిస్క్‌నే నేరుగా అడగాలి.

డిస్క్ సొంత చిట్టా

ప్రతి డిస్క్ తన ఆరోగ్యం గురించి తనలోనే లెక్క రాసుకుంటుంది. దాన్ని స్మార్ట్ అంటారు. చూడటానికి క్రిస్టల్‌డిస్క్ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ చాలు. తెరవగానే నీలం రంగులో గుడ్, పసుపులో కాషన్, ఎరుపులో బ్యాడ్ అని చూపిస్తుంది. రంగు చూసి మూసేయకండి, కింద ఉన్న పట్టిక చదవండి.

హార్డ్ డిస్క్‌కి ముఖ్యమైనవి మూడు వరసలు. 05 అంటే పాడైన సెక్టర్లను పక్కనపెట్టి, వాటి బదులు డిస్క్ వాడుకున్న విడి సెక్టర్ల లెక్క. సీ5 అంటే చదవడం కుదరక అనుమానంలో ఉన్న సెక్టర్లు. సీ6 అంటే ఎంత ప్రయత్నించినా బాగుపడనివి. మూడింటిలో హ్యాంగ్‌తో నేరుగా సంబంధం ఉన్నది సీ5. 05లోకి వెళ్లిన సెక్టర్ పని అయిపోయింది, దాని జోలికి డిస్క్ మళ్లీ వెళ్లదు. సీ5లో ఉన్నదాన్ని మాత్రం ముట్టుకున్న ప్రతిసారీ తంటాయే.

చివర ఉండే రా వాల్యూస్ గడిలోనే అసలు అంకె ఉంటుంది. అది మామూలుగా పదహారు ఆధారంగా రాసిన అంకె, అంటే అక్కడ 10 అని ఉంటే అసలు లెక్క 16. ఫంక్షన్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్, రా వాల్యూస్ దగ్గర 10 ఎంచుకుంటే మనకు తెలిసిన అంకెల్లోకి మారుతుంది. 01, 07 వరసల్లో కొన్ని డిస్కులు కోట్లలో అంకెలు చూపిస్తాయి. వాటి తయారీదారులు లెక్కను అలా రాస్తారు, జబ్బు కాదు.

సీ7 వరస గురించి షాపుల్లో చాలామంది చెప్పరు. అది డిస్క్‌కీ బోర్డుకీ మధ్య దారిలో చెడిన డేటా లెక్క. మిగతావన్నీ సున్నా ఉండి సీ7 ఒక్కటే పెరుగుతూ ఉంటే తప్పు డిస్క్‌ది కాకపోవచ్చు, ముందు దాని కేబుల్‌నీ కనెక్టర్‌నీ చూడాలి. కొత్త డిస్క్ కొనేముందు ఆ రిబ్బన్ కేబుల్ తీసి మళ్లీ బిగించి చూడమని అడగండి. పాత అంకె తగ్గదు, కొత్తగా పెరుగుతోందా లేదా అన్నదే చూడాలి.

మన దగ్గర ఇంకో పరిస్థితి మామూలు. బ్యాటరీ పూర్తిగా పోయిన ల్యాప్‌టాప్‌ని కరెంటు మీదే నడుపుతుంటారు. కరెంటు పోయిన ప్రతిసారీ అది ఠక్కున ఆరిపోతుంది. సరిగ్గా రాస్తున్న క్షణంలో ఆరిపోతే ఆ సెక్టర్ సగం రాతతో మిగిలి, సీ5లో చేరుతుంది. ఇలాంటిది దాని మీద మళ్లీ ఏదైనా రాసినప్పుడు బాగుపడి సీ5 నుంచి పోతుంది. అందుకే సీ5లో ఒకటో రెండో కనిపించగానే డిస్క్ పారేయక్కర్లేదు. వారం రోజులు చూడండి. అంకె పెరుగుతోందంటే మాత్రం ఆ డిస్క్‌ని ఇక నమ్మొద్దు.

మీ ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లో డేటా దాచే కొత్త రకం డిస్క్) ఉంటే పట్టిక వేరుగా ఉంటుంది. 'మీడియా అండ్ డేటా ఇంటెగ్రిటీ ఎర్రర్స్' సున్నా ఉండాలి. అది సున్నాగా ఉండి లాగ్‌లో 129 మాత్రం వస్తుంటే ఎస్‌ఎస్‌డీ ఫర్మ్‌వేర్ (దాని లోపలే ఉండే ప్రోగ్రామ్), స్టోరేజ్ డ్రైవర్ (విండోస్ డిస్క్‌తో మాట్లాడే ప్రోగ్రామ్), పవర్ సేవింగ్ సెట్టింగ్ వైపు చూడాలి.

తప్పు తేలితే మొదట చేయాల్సింది

రిపేరు కాదు, కాపీ. దీన్ని ఎంత గట్టిగా చెప్పినా చాలదు. విండోస్‌లోనే ఉండే చెక్ డిస్క్ అనే ప్రోగ్రామ్‌ని బ్యాడ్ సెక్టర్లు వెతికే పద్ధతిలో నడపమని చాలా వీడియోలు మొదటి అడుగుగానే చెబుతాయి. అది డిస్క్‌ని మొదటి నుంచి చివరి దాకా చదివిస్తుంది. చావుబతుకుల్లో ఉన్న డిస్క్ ఆ శ్రమలోనే పోవచ్చు, మీ ఫొటోలతో సహా. ముందు కాపీ, ఆ తర్వాతే ఏదైనా.

కాపీలో కూడా వరస ఉంది. మళ్లీ దొరకనివి ముందు: పిల్లల ఫొటోలు, ప్రాజెక్టు రిపోర్టు, దుకాణం లెక్కలు, పొలం కాగితాల స్కాన్లు. సినిమాలు చివర. కట్ చేయకండి, కాపీ చేయండి. ఫోల్డర్లు చిన్న చిన్నవిగా తీసుకోండి. ఏదైనా ఫైల్ దగ్గర ఆగిపోతే దాన్ని వదిలేసి తర్వాతిదానికి వెళ్లండి. రోబోకాపీ (విండోస్‌లో కమాండ్‌తో కాపీ చేసే ప్రోగ్రామ్) వాడేవాళ్లకు ఒక హెచ్చరిక: చదవలేని ఫైల్ ఎదురైతే అది మామూలుగా పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది, ప్రతిసారికీ మధ్య 30 సెకన్లు ఆగుతుంది. ఆ రెండు అంకెలనూ 1కి దించి నడపండి.

డిస్క్ నుంచి టక్ టక్ మని చప్పుడు వస్తుంటే ఇవేవీ చేయకండి. అప్పుడే ఆపేయండి. డేటా నిజంగా కావాలంటే ఆ స్థితిలో డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికే వెళ్లాలి.

షాపులో 'ఫార్మాట్ కొడితే సరిపోతుంది' అంటారు. కొన్నాళ్లు సరిపోయినట్టే ఉంటుంది కూడా. కొత్తగా ఎక్కించిన విండోస్ ఫైళ్లు ఈసారి వేరే సెక్టర్లలో పడ్డాయి కాబట్టి. పాడైనవి అక్కడే ఉన్నాయి, వాటి దాకా వెళ్లగానే కథ మొదటికొస్తుంది. సీ5 పెరుగుతున్న డిస్క్‌ని మార్చడమే నా సలహా. పాత హార్డ్ డిస్క్ స్థానంలో 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ కూర్చుంటుంది. పాతదాన్ని ఉన్నదున్నట్టు క్లోన్ చేయించకండి, చదవలేని ఫైళ్లు చెడిపోయిన రూపంలోనే కొత్తదాంట్లోకి రావచ్చు. విండోస్ కొత్తగా ఎక్కించుకోండి. లైసెన్స్ గురించి దిగులు వద్దు, ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన డిజిటల్ లైసెన్స్ మదర్‌బోర్డ్‌ని బట్టి గుర్తిస్తుంది. పాత డిస్క్‌కి బిట్‌లాకర్ (డిస్క్ మొత్తానికి విండోస్ వేసే తాళం) ఉంటే మాత్రం, విప్పకముందే దాని 48 అంకెల రికవరీ కీ రాసి పెట్టుకోండి. అది లేకపోతే బయటికి తీసిన పాత డిస్క్‌లోంచి ఒక్క ఫైల్ కూడా రాదు.

ఈ వారం అభ్యాసం

జబ్బు ఉన్నా లేకపోయినా మీ ల్యాప్‌టాప్‌లో క్రిస్టల్‌డిస్క్ఇన్ఫో తెరిచి 05, సీ5, సీ6, సీ7 అంకెలు ఈ రోజు తేదీతో కాగితం మీద రాయండి. ఏడు రోజుల తర్వాత మళ్లీ రాయండి. ఈవెంట్ వ్యూయర్‌లో ఈ వారంలో వచ్చిన 7, 129, 153లను వెతికి, ఒక్కోదాని టైమ్ మీ హ్యాంగ్ టైమ్‌తో కలుస్తోందో లేదో పక్కన టిక్ పెట్టండి. నాలుగు అంకెలూ కదలకుండా, లాగ్ ఖాళీగా ఉండి, ల్యాప్‌టాప్ మాత్రం ఆగుతూనే ఉంటే 4వ పాఠానికి 8 జీబీ పెన్ డ్రైవ్ ఒకటి సిద్ధం చేసుకోండి. దాని మీద ఉబుంటు (విండోస్ లాంటిదే, ఉచితంగా దొరికే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించి, డిస్క్‌నీ విండోస్‌నీ ముట్టుకోకుండా ల్యాప్‌టాప్‌ని నడిపి చూద్దాం.