స్టిక్ ఊపినా పక్ కదలట్లేదా? విశాఖ ఇంట్లో వీ హాకీ తిప్పలు

మా బావమరిది అమెరికా నుంచి వస్తూ పాత నింటెండో వీ (టీవీకి తగిలించి ఆడే వీడియో గేమ్ మెషీన్) ఒకటి పట్టుకొచ్చాడు. దాంతోపాటు 2010లో వచ్చిన ఎన్‌హెచ్‌ఎల్ స్లాప్‌షాట్ అనే ఐస్ హాకీ (మంచు మీద, బంతికి బదులు పక్ అనే రబ్బరు బిళ్లతో ఆడేది) ఆట, దాని ప్లాస్టిక్ స్టిక్కూ తెచ్చాడు. రిమోట్, దానికి వైరుతో తగిలించే నన్‌చక్ (ఆటగాణ్ణి నడిపే చిన్న పుల్ల ఉన్న రెండో కంట్రోలర్) రెండూ ఆ స్టిక్‌లోనే అమర్చి, నిజంగా కొట్టినట్టే ఊపాలి. ఎంవీపీ కాలనీలోని మా ఫ్లాట్‌లో అది సరిగ్గా ఆడేసరికి వారం పట్టింది. తప్పు దాదాపు ప్రతిసారీ మా హాల్‌దే, మెషీన్‌ది కాదు.

ముందు ఒక్క విషయం తెలిస్తే సగం తలనొప్పి పోతుంది. ఊపును కనిపెట్టేది రిమోట్ లోపలున్న యాక్సిలరోమీటర్. తెరమీద చెయ్యి గుర్తును నడిపేది రిమోట్ మూతి దగ్గరున్న ఇన్‌ఫ్రారెడ్ కెమెరా. టీవీ దగ్గర పెట్టే సెన్సర్ బార్ పేరుకే సెన్సర్. అది దేన్నీ కనిపెట్టదు, రెండు చివర్లా కంటికి కనపడని వెలుగు ఇస్తుందంతే. కాబట్టి గుర్తు వణికితే వెలుతురు సంగతి చూడండి. ఊపు అందకపోతే సెన్సర్ బార్‌ని కదిపి లాభం లేదు.

అసలు లైటే రాకపోతే

ప్లగ్ పెట్టకముందే అడాప్టర్ మీద ఇన్‌పుట్ అని రాసిన చోట చదవండి. ఫోన్ ఛార్జర్లలా 100 నుంచి 240 దాకా తట్టుకునేది కాదిది. అమెరికా అడాప్టర్ 120 వోల్టులకే. మన గోడలో 230. ట్రావెల్ అడాప్టర్ పిన్నుల ఆకారం మారుస్తుంది తప్ప వోల్టేజీ మార్చదు. నేను అక్కడే బోల్తా పడ్డాను, అడాప్టర్ చప్పుడు లేకుండా చచ్చిపోయింది. అది ఇచ్చేది 12 వోల్టులు, 3.7 ఆంపియర్లే కనక వోల్టేజీ తగ్గించే 100 వాట్ల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ సరిపోతుంది. డిస్కులకీ ఇలాంటి పట్టింపే ఉంది, అమెరికా వీలో యూరప్ డిస్కు ఆడదు.

చెయ్యి గుర్తు వణుకుతుంటే, మాయమవుతుంటే

మమ్మల్ని ఎక్కువ ఏడిపించింది ఇదే. పొద్దున ఆడితే గుర్తు పూనకం వచ్చినట్టు ఊగేది, మధ్యాహ్నం బుద్ధిగా ఉండేది, సాయంత్రం ఆరున్నరకి మళ్లీ మొదలు. బ్యాటరీలు మార్చాం, లాభం లేదు.

వీ సెట్టింగ్స్‌లో సెన్సర్ బార్‌కి వెళ్లి, అందులో సెన్సిటివిటీ తెరవండి. రిమోట్‌ని టీవీ వైపు పెడితే నల్లటి తెరమీద రెండు చుక్కలు కనిపించాలి. అవి బార్ రెండు చివరలు. మూడో చుక్క ఉందంటే, టీవీ చుట్టుపక్కల ఇంకేదో ఇన్‌ఫ్రారెడ్ వెలుగు ఉన్నట్టే. పొద్దున మాకు మూడోదీ నాలుగోదీ కూడా కనిపించాయి. మాకు సముద్రం తూర్పున కదా, ఎండ బాల్కనీలోంచి తిన్నగా వచ్చి టీవీ పక్కనున్న షోకేసు అద్దం మీద పడుతోంది. దళసరి కర్టెన్ వేస్తే చుక్కలు పోయాయి.

మరి సాయంత్రం? అప్పుడూ మూడో చుక్క ఒకటి, అదీ మినుకుమినుకుమంటూ. టీవీ పక్క గూట్లో అమ్మ వెలిగించే దీపం అది! వీ కెమెరాకి దీపం మంటా, సెన్సర్ బార్ వెలుగూ ఒకటే. "దీపాన్ని నేను కొండెక్కించనురా, నీ టీవీయే జరుపుకో" అంది అమ్మ. జరిపాను.

చుక్కలే లేకపోతే బార్ వైరు ఊడిందేమో చూడండి. ఫోన్ సెల్ఫీ కెమెరాలోంచి బార్‌ని చూస్తే ఊదారంగు వెలుగు కనిపించాలి. కనిపించకపోతే వైరో, బారో పోయినట్టు. అన్నీ బాగున్నా గుర్తు తడబడితే దూరం చూడండి, టీవీకి మూడు నుంచి ఎనిమిది అడుగుల మధ్య నిలబడాలి.

ఊపినా షాట్ పడకపోతే

గొడ్డలితో కట్టెలు కొట్టినట్టు ఊపితే గోల్ రాదు. ఆ యాక్సిలరోమీటర్ గురుత్వానికి మూడు రెట్ల దాకానే కొలుస్తుంది, అంతకుమించిన బలమంతా దానికి ఒకటే. స్టిక్‌ని ముందు వెనక్కి తీసుకుని, ఒక్క క్షణం ఆగి, ముందుకు ఊపండి. రిమోట్ స్టిక్‌లో గలగలమంటోందేమో కూడా చూసుకోండి. ఆ కుదుపుల్ని అది ఊపనుకుంటుంది.

షాట్ పడుతోంది గానీ ఆలస్యంగా పడుతోందా? అది టీవీ చేసే పని. బొమ్మకి మెరుగులు దిద్దడానికి సమయం తీసుకుంటుంది. పిక్చర్ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ పెట్టండి.

ఆటగాడు తనంతట తానే ఒక పక్కకి పోతుంటే

నన్‌చక్ పిన్ను గుచ్చేటప్పుడు దాని పుల్ల మీద వేలుందన్నమాట. వంగి ఉన్న చోటునే అది మధ్య అనుకుంది. పిన్ను పీకి, పుల్ల ముట్టుకోకుండా మళ్లీ గుచ్చండి.

రిమోట్ నాలుగు లైట్లూ మినుకుమంటూ ఆగిపోతే

బ్యాటరీ మూత కింద ఎర్ర సింక్ బటన్ (రిమోట్‌ని మెషీన్‌తో జత కలిపేది) ఉంటుంది, మెషీన్ మీద ఎస్‌డీ కార్డు మూత వెనక ఇంకోటి. రెండూ ఒకదాని తర్వాత ఒకటి నొక్కండి. లైట్లే వెలగకపోతే బ్యాటరీ స్ప్రింగులు చూడండి. కిటికీ గ్రిల్లుని తినే మన ఉప్పుగాలి వీటినీ వదలదు. చిలుం పడితే పెన్సిల్ రబ్బరుతో రుద్ది, స్పిరిట్ అద్దిన దూదితో తుడవండి. ఊరెళ్లేటప్పుడు బ్యాటరీలు తీసేయండి.

ఊరికే ఈల వేసి ఆట ఆపేస్తుంటే

ఇది రిపేరు కాదు, రూలు. మన మైదానం హాకీలో ఆఫ్‌సైడ్ ఎప్పుడో ఎత్తేశారు, ఐస్ హాకీలో ఇంకా ఉంది. పక్ కంటే ముందు మీవాడు అవతలి నీలిగీత దాటితే ఈల పడుతుంది. మీ సగంలోంచి కొట్టిన పక్‌ని ఎవరూ తాకకుండా అవతలి గోల్‌గీత దాటించినా అంతే, దాన్ని ఐసింగ్ అంటారు. మా పిల్లలు మెషీన్ పాడైందని రెండ్రోజులు నా ప్రాణం తీశారు.

స్టిక్ ఫ్యానుకి తగిలితే

మాకు తగిలింది. ఫ్యాన్ కట్టేయడం మాకు కుదరదు, మే నెల ఉక్కపోత అలాంటిది. అందుకే దాని రెక్కలు అందని చోట నేలమీద ఇన్సులేషన్ టేపుతో ఒక చతురస్రం గీశాను. రిమోట్ తాడు మణికట్టుకి వేసుకున్నవాళ్లకే ఆ చతురస్రంలోకి ప్రవేశం.