బోరు నీళ్ల కఠినత్వం ఈడీటీఏతో కొలిచే పద్ధతి

హనుమకొండ, కాజీపేట వైపు బోరు నీళ్లతో పప్పు ఉడకకపోయినా, గీజర్ కాయిలుకు తెల్లటి పెచ్చు కట్టినా అనుమానించాల్సింది నీళ్లలో కరిగిన కాల్షియం, మెగ్నీషియంలనే. వీటివల్ల వచ్చేదే కఠినత్వం. టీడీఎస్ మీటరు ఈ సంగతి తేల్చదు. అది అన్ని లవణాలనూ కలిపి ఒకే అంకె చూపిస్తుంది. డిగ్రీ కాలేజీ ల్యాబులో ఉండే బ్యూరెట్టు (కొలత గీతలున్న గాజు గొట్టం) మాత్రం తేలుస్తుంది. దాంట్లోంచి కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకునే ఈడీటీఏ అనే రసాయనాన్ని నీళ్లలోకి చుక్కలుగా వదిలి, ఎంత పట్టిందో చూస్తాం. దీన్నే టైట్రేట్ చేయడం అంటారు.

మోటారు వేసి పది నిమిషాలు నీళ్లు పోనిచ్చాక, ట్యాంకు నుంచి కాకుండా నేరుగా పైపు దగ్గర పట్టండి. ప్లాస్టిక్ సీసాను అవే నీళ్లతో మూడుసార్లు తొలిచి అంచుదాకా నింపండి.

కావలసినవి మూడు ద్రావణాలు, ఒక ఇండికేటరు పొడి. డైసోడియం ఈడీటీఏ డైహైడ్రేట్ 3.723 గ్రాములు డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి లీటరు చేస్తే 0.01 మోలార్ గాఢత వస్తుంది. దీన్ని ప్లాస్టిక్ సీసాలో దాచాలి, ఎందుకంటే మామూలు గాజు నుంచి కాల్షియం లాగేసుకుని బలం తగ్గిపోతుంది. ఎండబెట్టిన కాల్షియం కార్బొనేట్ 1.000 గ్రాము కొద్దిపాటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి, కార్బన్ డయాక్సైడ్ పోయేలా మరిగించి, చల్లార్చి, అమోనియాతో ఆమ్లం విరిచి లీటరు చేయండి. ఇదే ప్రమాణ ద్రావణం, 1 మి.లీ.కి 1 మి.గ్రా.

మూడోది బఫర్, అంటే నీటి క్షారతను చెప్పే పీహెచ్ అంకెను 10 దగ్గర నిలిపే ద్రావణం. దీని విషయంలోనే చాలామంది తప్పు చేస్తారు. ఈడీటీఏ 1.179 గ్రాములు, మెగ్నీషియం సల్ఫేట్ హెప్టాహైడ్రేట్ 0.780 గ్రాములు 50 మి.లీ. నీళ్లలో కరిగించండి. అమ్మోనియం క్లోరైడ్ 16.9 గ్రాములను గాఢ అమోనియా 143 మి.లీ.లో కరిగించి, రెండూ కలిపి 250 మి.లీ. చేయండి. మెగ్నీషియం ఎందుకంటే, రంగు మారి ముగింపు చెప్పే ఇండికేటరు కాల్షియంతో గట్టిగా కలవదు, మెగ్నీషియంతోనే కలుస్తుంది. అది లేకపోతే రంగు చప్పున మారక సాగుతుంది. మన ఎండాకాలం వేడికి అమోనియా ఆవిరై పీహెచ్ 10 నుంచి జారుతుంది కాబట్టి బిరడా గట్టిగా బిగించండి, నెల దాటితే పారబోయండి. ఇండికేటరుకు ఎరియోక్రోమ్ బ్లాక్ టి 0.5 గ్రాము, సోడియం క్లోరైడ్ 100 గ్రాములు కలిపి నూరి పొడిగానే ఉంచుకోండి. నీళ్లలో కలిపితే కొద్ది రోజుల్లోనే పాడవుతుంది.

బ్యూరెట్టును ఈడీటీఏతో, పిపెట్టును (నీళ్లు కొలిచి తీసే గొట్టం) శాంపిల్‌తో తొలవాలి. కోనికల్ ఫ్లాస్కును మాత్రం డిస్టిల్డ్ వాటర్‌తోనే కడగాలి. దాన్ని శాంపిల్‌తో తొలిస్తే గోడకంటిన చుక్కలు కూడా లెక్కలో కలిసి రీడింగు పెరుగుతుంది. బ్యూరెట్టు ముక్కులో గాలి బుడగ మిగలకూడదు. గరాటు తీసేశాకే మొదటి రీడింగు చూడండి.

శాంపిల్ 25 మి.లీ. పిపెట్టు చేసి డిస్టిల్డ్ వాటర్‌తో 50 మి.లీ.కి తెచ్చి, బఫర్ 1 మి.లీ., ఇండికేటరు చిటికెడు వేయండి. ఎర్రటి ద్రాక్షరసం రంగు వస్తుంది. కింద తెల్ల టైలు పెట్టుకుని, ఫ్లాస్కు తిప్పుతూ ఈడీటీఏ వదలండి. ఊదా రంగు కనిపించగానే నెమ్మదించి, చుక్కకూ చుక్కకూ మధ్య మూడు నాలుగు క్షణాలు ఆగండి. ఎరుపు ఛాయ పూర్తిగా పోయి, బట్టలకు నీలం వేసిన నీళ్లలా కనిపిస్తే అదే ఎండ్ పాయింట్. 0.1 మి.లీ. లోపు కలిసే రెండు రీడింగులు వచ్చేదాకా మళ్లీ చేయండి.

బఫర్ వేశాక అయిదు నిమిషాల్లో ముగించాలి. ఆలస్యమైతే పీహెచ్ 10 దగ్గర కాల్షియం కార్బొనేట్‌గా విడిపోయి రీడింగు తగ్గుతుంది, వచ్చిన నీలం మళ్లీ ఎర్రబడుతుంది. మరీ కఠినమైన నీళ్లకు మేలైన ఉపాయం ఒకటుంది. మొదటిసారి ఉజ్జాయింపుగా చేసి, రెండోసారి ఆ ఈడీటీఏలో తొంభై శాతం ముందే పోసి, ఆ తర్వాతే బఫర్ వేయండి. ఈడీటీఏ 15 మి.లీ. దాటితే శాంపిల్ తగ్గించండి. నల్లా నీళ్లకు 50 మి.లీ. తీసుకోవచ్చు. ఎంత పోసినా నీలం రాకపోతే బఫర్ పీహెచ్ చూడండి. అది సరిగానే ఉంటే ఇనుము ఇండికేటరును పట్టేసుకుని ఉండొచ్చు. కొత్త శాంపిల్‌లో బఫర్‌కు ముందే ట్రైఇథనోలమైన్ 1 మి.లీ. వేసి చేయండి.

లెక్కకు ముందు ప్రమాణ ద్రావణం 10 మి.లీ.ను 50 మి.లీ.కి పెంచి ఇలాగే టైట్రేట్ చేయండి. ఈడీటీఏ 10.2 మి.లీ. పట్టిందనుకోండి, 1 మి.లీ.కి విలువ 10/10.2, అంటే 0.980 మి.గ్రా. శాంపిల్‌కు 14.6 మి.లీ. పడితే 14.6 × 0.980 × 1000/25 = లీటరుకు 572 మి.గ్రా., కాల్షియం కార్బొనేట్ రూపంలో. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 200 మి.గ్రా. దాకా ఆమోదిస్తుంది, వేరే నీటి వనరు లేనప్పుడు 600 దాకా అనుమతిస్తుంది.

ఇక్కడితో ఆపకండి. అదే నీటిని 250 మి.లీ. తీసుకుని అరగంట మరిగించి, చల్లార్చి వడపోసి, డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ 250 మి.లీ.కి తెచ్చి టైట్రేట్ చేయండి. ఇప్పుడు వచ్చేది శాశ్వత కఠినత్వం, తగ్గినంత తాత్కాలికం. తాత్కాలికం ఎక్కువుంటే మరిగించి తేర్చిన నీళ్లతో పప్పు ఉడుకుతుంది. శాశ్వతమే ఎక్కువుంటే మరిగించినా లాభం లేదు, సాఫ్ట్‌నర్ గానీ ఆర్వో గానీ పెట్టించుకోవాలి.