సెమిస్టర్‌కో టాపిక్ మారే కోర్సు పెట్టాలంటే: ప్రపోజల్ నుంచి మెమో దాకా

మేడారం జాతర రెండేండ్లకోసారి మాఘ పున్నమికి వస్తది. దాని మీద ఫీల్డ్ వర్క్‌తోని ఒక పేపర్ చెప్పాలని మీ డిపార్ట్‌మెంట్ల ఎవరికన్న ఉందనుకోండి, రెగ్యులర్ పేపర్ లెక్క సిలబస్‌ల పెడితే జాతర లేని ఏడు ఏం చెప్తరు? పెట్టకుంటే జాతర వచ్చినప్పుడల్లా కొత్త కోర్సు అని సిలబస్ ఓకే చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కు పోవాలె, అక్కడ్నుంచి దాని మీదుండే అకడమిక్ కౌన్సిల్‌కు పోవాలె, సంతకాలు అయ్యేలోపు అమ్మలు వనంలకు పోతరు.

ఇసొంటి వాటికోసమే టాపిక్ మారే కోర్సు. కోడ్ ఒకటే, పైన పేరు ఒకటే, క్రెడిట్లు మారవు, లోపల టాపిక్ మాత్రం మారుతుంటది. చాలా చోట్ల 'స్పెషల్ టాపిక్స్' అని చూసే ఉంటరు. హనుమకొండల పాఠాలు చెప్పుకుంట ఇట్లాంటి ప్రపోజల్స్ రాసిన, వేరేవాళ్లవి చదివిన, అందుకే కొత్తగా రాసేటోళ్ల కోసం ఇది రాస్తున్న.

ముందు ఒక మాట. ఇందుల అప్రూవల్స్ రెండు ఉంటయి, వాటిని కలపొద్దు. ఒకటి ఫ్రేమ్‌కు, అంటే ఖాళీ కోర్సుకు. అది బోర్డ్ ఆఫ్ స్టడీస్, అకడమిక్ కౌన్సిల్ రెండూ దాటాలె, కానీ ఒక్కసారే. రెండోది టాపిక్‌కు, అది ప్రతిసారి, కానీ డిపార్ట్‌మెంట్ కమిటీ స్థాయిలనే అయిపోవాలె. టాపిక్ ఎవరు ఓకే చేస్తరో ఫ్రేమ్ ప్రపోజల్‌లనే రాసి మీటింగ్ మినిట్స్‌ల ఎక్కించండి. ఇది రాయకుంటే ప్రతి టాపిక్ మళ్లా కౌన్సిల్ దాకా పోవాల్సి వస్తది, ఇగ ఫ్రేమ్ పెట్టిన ఫాయిదా ఏముంది?

ఫ్రేమ్‌ల కష్టమైంది కోర్సు అవుట్‌కమ్స్, అంటే కోర్సు అయినంక పిల్లలకు ఏం రావాల్నో, అది రాసుడు. టాపిక్ తెల్వకుండా అవుట్‌కమ్ ఎట్ల రాస్తం అని అందరు అడుగుతరు. 'స్థానిక చరిత్ర: ప్రత్యేక అంశాలు' అని కోర్సు పెట్టినమనుకోండి, 'విద్యార్థి రామప్ప గుడి నిర్మాణాన్ని వివరించగలడు' అని రాస్తే అది ఒక్క టాపిక్‌కే పనికొస్తది, వచ్చే సెమిస్టర్ పాకాల, లక్నవరం చెరువుల మీద చెప్తే ఆ లైన్ అబద్ధం అయితది. 'ఒక స్థానిక ఆధారాన్ని, అంటే శాసనమో కట్టడమో నోటి కథనో తీసుకొని, అది ఏం చెప్తుందో ఏం చెప్పదో సొంతంగా రాయగలడు' అని రాయండి. గుడికైనా చెరువుకైనా జాతరకైనా సరిపోతది. టాపిక్ మారినా పిల్లలకు రావాల్సిన పని మారొద్దు, బోర్డుల ఎక్స్‌పర్ట్స్ ముందుగా చూసేది కూడ ఇదే.

క్రెడిట్లు ఫిక్స్ చేసి పెట్టండి, రెండు నుంచి నాలుగు అని వదిలేయకండి, టైంటేబుల్ వేసేటోళ్లకు నరకం. క్రెడిట్‌కు లెక్చర్ అయితే సెమిస్టర్‌కు 15 గంటలు, ప్రాక్టికల్, ఫీల్డ్ వర్క్ అయితే 30 గంటలు. 3 క్రెడిట్ల కోర్సుల రెండు లెక్చర్‌కు, ఒకటి ఫీల్డ్‌కు పెడితే 30 గంటలు క్లాసు, 30 గంటలు బయట. మేడారం అసొంటి టాపిక్‌కు ఇది బాగ కుదురుతది.

ఇగ అసలు గోస కోడ్ దగ్గర ఉంటది. నేను చూసిన ఒక చోట ఒక అమ్మాయి మూడో సెమిస్టర్‌ల ఒక టాపిక్, నాలుగో సెమిస్టర్‌ల ఇంకో టాపిక్ తీసుకుంది, రెండూ మంచిగ చదివింది, రెండిటికీ కోడ్ ఒకటే. ఎగ్జామినేషన్ బ్రాంచ్ సాఫ్ట్‌వేర్ రెండోదాన్ని ఇంప్రూవ్‌మెంట్, అంటే అదే పేపర్ మార్కుల కోసం మళ్లా రాసుడు అనుకొని మొదటి మార్కులు తీసేసింది, క్రెడిట్లు తక్కువ పడ్డయి, ఆ పిల్ల మార్కుల మెమో చేతుల పట్టుకొని కౌంటర్ కాడ మూడు రోజులు తిరిగింది. దాని మీద టాపిక్ పేరు కూడ లేదు, ఉత్త 'స్పెషల్ టాపిక్స్' అని ఉంది, పైచదువుకు అప్లై చేస్తే ఏం చదివినవు అని అడిగిన్రు. తప్పు ఆమెది కాదు, ప్రపోజల్ రాసిన మాలాంటోళ్లది. అందుకే ఫ్రేమ్‌ల మూడు సంగతులు ఖచ్చితంగా ఉండాలె: కోడ్ చివర ఏ, బీ, సీ అని టాపిక్‌కు ఒక అక్షరం, మెమో మీద టాపిక్ పేరు ప్రింట్ కావాలె, టాపిక్ వేరైతే ఒక విద్యార్థి ఎన్నిసార్లు తీసుకోవచ్చో అంకె. రెండుసార్లు చాలని నా అభిప్రాయం. బోర్డు మీటింగ్‌కు ముందే ఎగ్జామినేషన్ బ్రాంచ్‌కు పోయి, మెమోల ఆ కాలమ్‌కు ఎన్ని అక్షరాలు పడతయో అడిగి రండి, టాపిక్ పేరు అంతల్నే పెట్టండి.

టాపిక్ ఓకే కోసం డిపార్ట్‌మెంట్ కమిటీకి ఇచ్చే టాపిక్ నోట్ రెండు పేజీలు దాటనియ్యకండి. ఈ టాపిక్ ఇప్పుడెందుకు అని ఒక పేరా, వారం వారం ప్లాన్, లైబ్రరీల నిజంగా దొరికే పుస్తకాలు, ఇంటర్నల్స్ ఎట్ల వేస్తరో, ఫీల్డ్‌కు బస్సు ఖర్చు ఎవరిదో. దానికి మోడల్ పేపర్ జత చేయండి, ఎందుకంటే పేపర్ బయట సెట్ అయ్యే చోట కొత్త టాపిక్ సెట్టర్‌కు ఏం అడగాల్నో తెల్వదు, తెలిసినోళ్ల పేర్లు రెండు మూడు ఇస్తే ఇంకా మంచిది. సార్ ట్రాన్స్‌ఫర్ అయితేనో మేడం లీవ్ పెడితేనో ఎవరు చెప్తరో కూడ రాయండి.

వేరే డిపార్ట్‌మెంట్‌తోని తగువు రాకుండ చూసుకోవాలె. రామప్పనే తీసుకోండి, 1213ల కట్టిన గుడి, 2021ల యునెస్కో జాబితాకు ఎక్కింది, చరిత్రవాళ్లు మాది అంటరు, కింద ఇసుక పునాది, శిఖరానికి తేలిక ఇటుకలు కాబట్టి సివిల్ ఇంజినీరింగ్‌వాళ్లకూ పని ఉంది, టూరిజంవాళ్లకు చెప్పనే అక్కర్లేదు. నోట్ పంపేముందు ఆ డిపార్ట్‌మెంట్ల హెడ్‌ల దగ్గరికి పోయి చాయ్ తాగి మాట్లాడి, అభ్యంతరం లేదని ఒక లైన్ రాయించుకోండి. మెయిల్ పెట్టి ఊకుంటే కాదు, మీటింగ్‌ల లేచి అడ్డం మాట్లాడినంక సముదాయించుడు మస్తు కష్టం.

జాతర టాపిక్ అయితే డేట్లు ఎనక నుంచి లెక్కేసుకోండి. మాఘం అంటే జనవరి, ఫిబ్రవరి, అంటే రెండో సెమిస్టర్. పిల్లలు ఎలెక్టివ్ ఎంచుకునే టైంకు టాపిక్ పేరు నోటీస్ బోర్డు మీద ఉండాలంటే నోట్ బతుకమ్మ సెలవులకు ముందే కమిటీకి చేరాలె, సెలవులైనంక ఇస్త అంటే దీపావళి, ఇంటర్నల్స్ అన్నీ మీద పడతయి.

ఒకే టాపిక్ మూడోసారి అడుగుతున్నరంటే దాన్ని ఫ్రేమ్‌ల నుంచి తీసి సొంత కోడ్‌తోని రెగ్యులర్ ఎలెక్టివ్ చేయండి, ఆ జాగ కొత్త టాపిక్‌కు ఖాళీ అయితది. పాత నోట్లు, ముద్ర పడ్డ సిలబస్ కాపీలు మాత్రం పారెయ్యకండి, టాపిక్‌కు ఒక ఫైల్ పెట్టి డిపార్ట్‌మెంట్ బీరువల ఉంచండి, ఐదేండ్లకు ఎవరన్న పాత స్టూడెంట్ సిలబస్ కాపీ కావాల్నని వస్తే తీసి ఇయ్యాల్సింది మీరే.