కుషింగ్స్ జబ్బు: ఎంఆర్ఐలో గడ్డ కనిపించకపోతే ఐపీఎస్ఎస్ పరీక్షకు ఇలా సిద్ధం కండి

కార్టిసాల్ హార్మోన్, దాన్ని తయారు చేయించే ఏసీటీహెచ్ హార్మోన్ రెండూ ఎక్కువే ఉన్నాయి, ఎంఆర్ఐలో మాత్రం మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలో ఏమీ కనిపించలేదా? టెన్షన్ పడకండి, కుషింగ్స్ అంటే పిట్యూటరీలోని గడ్డ ఏసీటీహెచ్‌ను ఎక్కువగా వదిలి కార్టిసాల్‌ను పెంచే జబ్బు, ఇందులో గడ్డ కొన్ని మిల్లీమీటర్లే ఉండి తప్పించుకోవడం మామూలే. అప్పుడు ఐపీఎస్ఎస్ గురించి, అంటే ఏసీటీహెచ్ పిట్యూటరీ నుంచే వస్తోందా, ఒంట్లో వేరే చోటి నుంచా అని సిరల రక్తంతో చూసే పరీక్ష గురించి, మీ ఎండోక్రినాలజిస్టుని (హార్మోన్ల డాక్టర్‌ని) అడగండి.

ముందుగా మీరు వాడే మందులన్నీ రాసి చూపించండి. రక్తం పలచబరిచేవి, కార్టిసాల్ తగ్గించేవి ముఖ్యంగా చెప్పాలి, ఎందుకంటే పరీక్ష నాటికి కార్టిసాల్ ఎక్కువగా ఉంటేనే ఫలితాన్ని నమ్మగలం. అలాగని సొంతంగా ఏదీ ఆపొద్దు. కాంట్రాస్ట్ (ఎక్స్‌రేలో సిరలు కనిపించేలా ఎక్కించే మందు) అలర్జీ, కిడ్నీ సమస్య ఉంటే అదీ చెప్పండి.

గజ్జల్లోని సిరల గుండా సన్నని గొట్టాలను పుర్రె అడుగున, పిట్యూటరీ రక్తం దిగే సిరల దాకా రెండు వైపులా పంపి, కాంట్రాస్ట్ ఎక్కించి, అవి సరైన చోటే ఉన్నాయా అని ఎక్స్‌రే తెరపై చూస్తారు. నా దృష్టిలో అసలు కీలకం ఇదే, గొట్టం పక్కకి పోతే అంకెలకు అర్థం ఉండదు, అందుకే ఈ పరీక్ష తరచూ చేసే సెంటర్‌నే ఎంచుకోండి. తర్వాత అక్కడా, మామూలు సిరలోనూ ఒకేసారి రక్తం తీసి, ఏసీటీహెచ్‌ను పెంచే సీఆర్‌హెచ్ లేదా డెస్మోప్రెసిన్ ఇంజెక్షన్ ఇచ్చి మళ్లీ తీస్తారు. మామూలు సిరలో కంటే అక్కడ ఏసీటీహెచ్ ఇంజెక్షన్‌కు ముందు 2 రెట్లు, లేదా తర్వాత 3 రెట్లు దాటితే మూలం పిట్యూటరీయే అని బలమైన ఆధారం. గడ్డ కుడివైపా ఎడమవైపా అన్నది మాత్రం దీంతో గట్టిగా తేలదు.

అయ్యాక కొన్ని గంటలు వెల్లకిలా పడుకోవాలి. గజ్జల్లో వాపు, తీవ్రమైన తలనొప్పి, మాట తడబడటం, ఏది కనిపించినా వెంటనే నర్సుని పిలవండి.