పాత సినిమాలో కారు పేరు పట్టుకోవడం ఎలా

మా నాన్నకు పర్లాకిమిడిలో, పాతపట్నం వెళ్లే రోడ్డు మీద కార్ల షెడ్డు ఉండేది. రేకుల కప్పు, నూనె ఇంకి నల్లబడ్డ మట్టినేల, పానాలు వేలాడదీసే చెక్క. బడి నుంచి రాగానే నేను అక్కడే. కారు కింద నుంచి నాన్న చెయ్యి చాపి నంబరు చెప్తే ఆ పానా అందించడం నా పని. ఒక పక్క ఒడియా గిరాకీ "ఆజ్ఞా, ఆజ్ఞా" అంటూ, అంటే అయ్యా అయ్యా అంటూ నిలబడితే, ఇంకో పక్క శ్రీకాకుళం నుంచి వచ్చిన డ్రైవరు బల్ల మీద కునుకు తీసేవాడు.

ఇంటికొచ్చి సినిమా చూసినా నాన్న కళ్లు కార్ల మీదే. తెర మీద హీరోయిన్ ఇంకా దిగకముందే ఆవిడ కారు పేరు, అది ఏ కాలపుదో చెప్పేసేవారు. ఎలా చెప్తున్నారని అడిగితే ఒకటే మాట: "మూతి సూసి మోసపోకే అమ్మా. లోపల సూడు, ఎనక సూడు."

ఆ విద్యనే ఇక్కడ రాస్తున్నాను. పాత సినిమా గురించి మాట్లాడేటప్పుడు కనబడిన ప్రతి ఫియట్‌నీ పద్మిని అనేస్తారు, గుండ్రంగా కనిపించిన ప్రతి కారునీ అంబాసిడర్ అనేస్తారు. మనుషుల పేర్లు తప్పుగా పిలిస్తే ఎలా ఉంటుందో నాకు అలాగే ఉంటుంది.

మొదట సినిమా విడుదలైన సంవత్సరం కాగితం మీద రాసుకోండి. సగం పని అక్కడే అయిపోతుంది. సినిమా కంటే కారు పాతదై ఉండొచ్చు, కొత్తదై ఉండదు. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ కంపెనీ వాళ్లు ఫియట్ 1100ని ఎన్నో ఏళ్లు ఫియట్ పేరుతోనే చేశారు. తర్వాత కొద్దికాలం ప్రెసిడెంట్ అన్నారు. పద్మిని అనే పేరు వచ్చింది 1974లో. కాబట్టి 1965 నాటి సినిమాలో పద్మిని ఉండే అవకాశమే లేదు, అది ఫియట్. అలాగే అంబాసిడర్ 1957-58 ప్రాంతంలో వచ్చింది. 1955 సినిమాలో అలాంటి కారు కనిపిస్తే దాని అన్న ల్యాండ్‌మాస్టర్ అయ్యుంటుంది, లేదా విదేశం నుంచి వచ్చిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్.

తర్వాత బొమ్మ సరిగ్గా ఉందో లేదో చూడండి. పాత సినిమాలు నలుచదరానికి దగ్గరగా ఉండే ఫ్రేములో తీశారు. ఇప్పటి టీవీ నిండాలని వాటిని అడ్డంగా సాగదీసి పెడుతుంటారు. అప్పుడు ఏ కారైనా అమెరికన్ కారులా పొడుగ్గా కనిపిస్తుంది. ముందు చక్రాన్ని చూడండి. అది గుండ్రంగా కాకుండా గుడ్డులా ఉంటే ఆ ప్రింటు వదిలేసి ఇంకోటి వెతకండి. యూట్యూబ్‌లో చూసేవాళ్లు వేగం 0.25కి తగ్గించుకోండి. కంప్యూటరు మీద అయితే ఆపేశాక కామా, ఫుల్‌స్టాప్ మీటలు నొక్కితే ఒక్కో ఫ్రేము వెనక్కీ ముందుకీ జరుగుతుంది. నాకు ఆ సంగతి తెలిసిన రోజు రాత్రి నిద్రపోలేదు.

ఇక బొమ్మ ఆపాల్సిన చోట్లు. అందరూ కారు ఎదురుగా వచ్చేటప్పుడు ఆపుతారు. మీరు తలుపు తెరిచేటప్పుడు ఆపండి, వెళ్లిపోయేటప్పుడు ఆపండి.

ఫియట్‌కి తలుపే సాక్ష్యం. పాత ఫియట్ 1100కి ముందు తలుపు కీలు వెనక వైపు ఉంటుంది. అంటే ముందు తలుపు, వెనక తలుపు రెండూ మధ్య స్తంభానికే బిగించి ఉంటాయి. రెండూ ఒకేసారి తెరిస్తే బీరువా తలుపుల్లా చెరో పక్కకీ పోతాయి. ముందు సీట్లోంచి దిగే మనిషి, తలుపు తన వెనక్కి పోతుంది కాబట్టి, కాలు సూటిగా ముందుకు పెట్టి దిగుతాడు. చీర కట్టుకున్న ఆవిడ అయితే కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని ఎంత తేలిగ్గా దిగుతుందో గమనించండి. 1964లో 1100డి వచ్చేసరికి ముందు తలుపు కీలు ముందుకు మారింది, ఇప్పటి కార్లలాగే. ఆ ఒక్క తలుపు చూస్తే కారు ఏ కాలానిదో తెలిసిపోతుంది. అంతకుముందరి బొద్దు ఫియట్‌ని బొంబాయి వైపు దుక్కర్ ఫియట్ అంటారు, అంటే పంది ఫియట్. ఆ పేరు వినగానే ఆ మూతి కళ్ల ముందుకు వస్తుంది.

ల్యాండ్‌మాస్టర్‌కీ అంబాసిడర్‌కీ తేడా వెనక మడ్‌గార్డు చెప్తుంది. ల్యాండ్‌మాస్టర్ వీపు నున్నగా, గుండ్రంగా కిందికి జారుతుంది. అంబాసిడర్ మడ్‌గార్డు చివర చిన్న రెక్కలా పైకి లేస్తుంది. బానెట్ మీద కూడా చూడండి. అంబాసిడర్ రేకు మధ్యలో ఎత్తుపల్లాలు నొక్కి ఉంటాయి, ల్యాండ్‌మాస్టర్ రేకు సాదాగా ఉంటుంది.

అంబాసిడర్‌లో మార్క్ 1, 2, 3, 4 అని వరసగా వచ్చిన మోడళ్లని విడదీయడం మాత్రం కష్టం. మార్క్ 2 1962 నుంచి, మార్క్ 3 1975 నుంచి, మార్క్ 4 1979 నుంచి. రేకు ఇంచుమించు అదే, మారింది ముఖ్యంగా ముందు జాలీ. మార్క్ 2కి దగ్గర దగ్గర గళ్లు, మార్క్ 3కి అడ్డగీతలు, మార్క్ 4కి చిన్న జాలీలో పెద్ద చదరపు గళ్లు. ఇక్కడే నాన్న మాట అక్కరకొస్తుంది. జాలీ విప్పి ఇంకోటి బిగించడం అరగంట పని. మా షెడ్డులోనే ఎన్నిసార్లు జరిగిందో నేను చూశాను.

ఒకసారి మా వీధి మాస్టారు ఒకాయన పక్క ఊరి బ్రోకరు దగ్గర మార్క్ 1 కొన్నారు. పాతకాలపు సరుకు, అరుదైనది అని చెప్పి బ్రోకరు ఎక్కువే గుంజాడు. నున్నగా రంగు వేసి, ముందు పాత జాలీ, మెరిసే క్రోమ్. మాస్టారు స్వీటు పొట్లంతో షెడ్డుకి వచ్చారు. నాన్న ముందు వైపు చూడనే లేదు. డ్రైవరు తలుపు తెరిచి కూర్చుని స్టీరింగ్ మీద రెండు చేతులూ వేశారు. మార్క్ 1 స్టీరింగ్‌కి మూడు కాళ్లు, ఒక్కో కాలూ మూడేసి సన్నని తీగలతో ఉంటుంది, వీణ తంతుల్లా వేలికి తగులుతాయి. ఈ బండిలో ఆ తీగలు లేవు. డాష్‌బోర్డు కూడా తర్వాతి కాలానిదే. నాన్న కాసేపు ఏమీ అనలేదు. "బండి మంచిదే మాస్టారూ, నడుస్తాది" అన్నారు మెల్లగా. మాస్టారి చేతిలో స్వీటు పొట్లం అలాగే ఉండిపోయింది. సినిమాలో కూడా కెమెరా డ్రైవరు భుజం మీదుగా చూపించినప్పుడు ఆపి స్టీరింగ్ చూడమని నేను పదే పదే చెప్పేది అందుకే.

మద్రాసులో తీసిన సినిమాల్లో స్టాండర్డ్ హెరాల్డ్ కనిపిస్తే వదలకండి. అది మద్రాసులోనే తయారైంది, 1961 నుంచి. ఇంగ్లండు వాళ్ల ట్రయంఫ్ హెరాల్డ్‌కి ఇటలీ డిజైనరు జొవాన్ని మికెలోత్తి గీసిన రూపం. కారు ఆగిపోయి బానెట్ తెరిచే సీను ఉంటే మీ అదృష్టం. హెరాల్డ్‌కి బానెట్ ఒక్కటే లేవదు, రెండు మడ్‌గార్డులతో సహా ముక్కంతా ఒకే ముక్కగా ముందుకు ఒరుగుతుంది, మొసలి నోరు తెరిచినట్టు. ఇంజనూ ముందు చక్రాలూ బయటపడతాయి.

విలన్లూ జమీందార్లూ దిగే పొడుగు అమెరికన్ కారుని అందరూ ఇంపాలా అంటారు. వెనక లైట్లు లెక్కపెట్టండి. 1958 నుంచి 1965 దాకా ఇంపాలాకి ఒక్కో వైపు మూడు గుండ్రని లైట్లు. రెండే ఉంటే అది ఇంపాలా కాదు, దాని తమ్ముడు బెల్ ఎయిర్ అయ్యుండొచ్చు. 1959 ఒక్కటే వేరు: లైటు పిల్లి కన్నులా ఉంటుంది, రెక్కలు పైకి లేవకుండా గబ్బిలంలా అడ్డంగా పరుచుకుంటాయి. ఆ సంవత్సరం కారుని ఒకసారి చూస్తే మళ్లీ మర్చిపోరు.

నంబరు ప్లేటు నాకు ఇష్టమైన భాగం. సరిహద్దు ఊరు కాబట్టి షెడ్డు ముందు నుంచి రెండు రాష్ట్రాల బండ్లూ వెళ్లేవి. నాన్న కారు కింద ఉండగా నేను నంబర్లు చదివి వినిపించేదాన్ని. 1988 మోటారు వాహనాల చట్టం 1989 జూలైలో అమల్లోకి రాకముందు ప్లేటు మీద మూడు అక్షరాలు, తర్వాత అంకెలు ఉండేవి. ఓఆర్‌తో మొదలైతే ఒరిస్సా, ఎమ్మెస్‌తో మొదలైతే మద్రాసు, బీఎంతో మొదలైతే బొంబాయి. తర్వాతే రాష్ట్రం, జిల్లా అంకె వచ్చాయి. మా గజపతి జిల్లాకి 20, రాయగడకి 18, అవతల శ్రీకాకుళానికి 2019 దాకా ఏపీ 30. కథ హైదరాబాదులో జరుగుతున్నా కారు ప్లేటు మీద ఎమ్మెస్ ఉంటే షూటింగు ఎక్కడ జరిగిందో ఊహించుకోవచ్చు.

ఇంగ్లీషు సినిమాలకి ఇంకా సులువు. బ్రిటన్‌లో 1963 నుంచి ప్లేటు చివరి అక్షరం సంవత్సరం చెప్పేది. ఏ అంటే 1963. 1964 నాటి గోల్డ్‌ఫింగర్‌లో జేమ్స్ బాండ్ నడిపిన వెండి రంగు ఆస్టన్ మార్టిన్ డీబీ5 ప్లేటు బీఎంటీ 216ఏ. డీబీ5 వచ్చింది కూడా 1963లోనే, లెక్క కుదిరింది. మా మేనల్లుడికి ప్రాణమైన మిస్టర్ బీన్ పచ్చ మినీ కారు ప్లేటు ఎస్ఎల్‌డబ్ల్యూ 287ఆర్. ఆర్ అంటే 1976 ఆగస్టు నుంచి 1977 జూలై వరకు. ఆ నల్ల బానెట్, తలుపుకి గొళ్లెం పెట్టి వేసిన తాళంకప్ప ఉంటే వేరే గుర్తు అక్కర్లేదు. ఆ మినీని గీసిన అలెక్ ఇసిగోనిస్‌దే మోరిస్ మైనర్ కూడా. ఆ మైనరే మన దేశంలో బేబీ హిందుస్తాన్‌గా తిరిగింది.

సినిమా కోసం కారు రూపమే మార్చేస్తే? అప్పుడూ మూతి వదిలేసి పైకప్పు, వెనక అద్దం చూడండి. నైట్ రైడర్‌లో మాట్లాడే నల్ల కారు కిట్ ముక్కు మీద ఎర్ర లైటు అటూ ఇటూ పరిగెడుతుంది. ఆ ముక్కు సీరియల్ కోసం పెట్టింది. వెనకంతా 1982 పాంటియాక్ ఫైర్‌బర్డ్ ట్రాన్స్ యామ్. 1966 టీవీ బ్యాట్‌మన్ కారైతే 1955లో ప్రదర్శన కోసం చేసిన లింకన్ ఫ్యూచురా. సినిమాలకి కార్ల రూపం మార్చే జార్జ్ బారిస్ దాన్ని ఒక్క డాలరుకి కొని మార్చాడు. రంగు మారింది, ముక్కు మారింది, నెత్తిన రెండు గాజు బుడగలు మాత్రం అలాగే ఉండిపోయాయి.

ఒకే కారు అనుకున్నది చాలా కార్లు కావచ్చని కూడా గుర్తుంచుకోండి. డ్యూక్స్ ఆఫ్ హజార్డ్ సీరియల్లో గాల్లోకి ఎగిరే ఆ నారింజ రంగు 1969 డాడ్జ్ చార్జర్లు సుమారు 300 వాడారు. బులిట్ సినిమాలో మస్టాంగ్ వెంట పడే చేజ్‌లో నల్ల చార్జర్ చక్రాల కప్పులు లెక్కపెట్టండి. నాలుగు చక్రాలకి నాలుగే ఉండాలి, అంతకంటే ఎక్కువే ఊడి దొర్లుతాయి. కాబట్టి ఒక్క షాటు చూసి తీర్పు ఇవ్వకండి, కనీసం మూడు షాట్లలో అదే గుర్తు దొరకాలి.

కారు లోపలి సీన్లు ఎక్కువగా స్టూడియోలో తీసినవి. వెనక రోడ్డు తెర మీద ఆడుతుంటుంది, ముందు అద్దం తీసేసి ఉంటుంది. బయట ఒక కారు, లోపల ఇంకో కారు కావడం మామూలే.

శబ్దాన్ని అస్సలు నమ్మకండి. పాత సినిమాల్లో ఇంజను మోత, హారను తర్వాత కలిపినవే ఎక్కువ. ఈ సంగతి నాకు తెలిసింది ఒక ఆదివారం మధ్యాహ్నం. దూరదర్శన్ అప్పట్లో ఆ వేళకి వేరే భాషల సినిమాలు వేసేది. ఆ రోజు ఋత్విక్ ఘటక్ తీసిన బెంగాలీ సినిమా అజాంత్రిక్ వచ్చింది, 1958 నాటిది. బిమల్ అనే డ్రైవరు, అతని పాత షెవర్లే టాక్సీ, దాని పేరు జగద్దల్. అతను రేడియేటరులో నీళ్లు పోస్తుంటే బండి దాహంతో ఉన్న మనిషిలా గుటకలు వేసిన చప్పుడు. షెడ్డులో ఎన్ని రేడియేటర్లకి నీళ్లు పోశానో, ఏదీ అలా తాగలేదు. "చప్పుడు వేరేగా పెట్టారు కదా నాన్నా?" అన్నాను. నాన్న తల ఊపారు. చివర్లో బండిని తుక్కు కింద అమ్మేస్తారు. విడిపోయిన హారనుని ఒక చిన్న పిల్లవాడు నొక్కి ఆడుకుంటుంటే బిమల్ నవ్వుతాడు. నాన్న లేచి వెళ్లి చేతులు కడుక్కున్నారు. ఆదివారం, పని లేదు, చేతులకి గ్రీజు కూడా లేదు.

దొరికినదంతా ఒక నోటుపుస్తకంలో రాయండి. సినిమా పేరు, సంవత్సరం, ఎన్నో నిమిషంలో కారు వస్తుంది, ఏ గుర్తు పట్టి చెప్పారు. ఆ చివరిది తప్పకుండా రాయండి. పేరు మాత్రమే రాస్తే, తప్పైనప్పుడు ఎక్కడ తప్పామో దొరకదు. నా పుస్తకంలో కొట్టివేతలు చాలా ఉన్నాయి. నేను చదివింది ఒడియా బడిలోనే అయినా ఈ పుస్తకం మాత్రం నాన్న అడిగితే వినిపించడానికి తెలుగులోనే రాసుకున్నాను.

మొన్న సంక్రాంతికి మా తమ్ముడి కొడుకు వచ్చాడు, తొమ్మిదేళ్లవాడు. ఫోన్లో ఏదో నలుపు తెలుపు సినిమా చూస్తూ ఒక్కసారిగా ఆపి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "అత్తా, ముందు తలుపు వెనక్కి తెరుచుకుంది!" పుస్తకం వాడి చేతికిచ్చాను. సంవత్సరం వెతికాడు, నిమిషం రాశాడు, నాలిక బయటపెట్టి ఒక్కో అక్షరం దిద్దాడు: ఫియట్ 1100. పక్కనే, పద్మిని కాదు. "కాదు" కింద రెండు గీతలు గీశాడు.