కంపెనీవాళ్లు పంపిన డెబ్ ఫైలును సర్వర్‌లో వేసేముందు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మిల్లుల్లో, నర్సింగ్ హోముల్లో సర్వర్ చాలావరకు ఒకటే. బిల్లింగూ దానిమీదే, ఫైళ్లూ దానిమీదే. యూపీఎస్ కంపెనీవాళ్లో ప్రింటర్‌వాళ్లో ఒక డెబ్ ఫైలు (సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ) ఇచ్చి ‘ఒక్క కమాండుతో అయిపోతుంది సార్’ అంటారు. ఆ ఒక్క కమాండుతో వాళ్లు రాసిన స్క్రిప్టులు మీ సర్వర్‌లో రూట్ అధికారంతో, అంటే దేన్నైనా మార్చగల హక్కుతో, నడుస్తాయి. అందుకే ఇంత చాదస్తం. ఇదంతా ఉబుంటు, డెబియన్ అనే లినక్స్ రకాల సంగతి. కమాండ్లు పలికే తీరులో రాశాం, టైపు చేసేది మాత్రం ఇంగ్లిషులోనే.

ఫైలు కంపెనీ సైటునుంచే దింపుకోండి. వాట్సాప్‌లో వచ్చినదీ, సర్వీసు కుర్రాడి పెన్‌డ్రైవ్‌లోదీ వద్దు. ‘షా256సమ్’ ఆ ఫైలునుంచి లెక్కగట్టే సంఖ్యను (చెక్‌సమ్) కంపెనీ ఇచ్చినదానితో సరిచూడండి. ఫైలూ చెక్‌సమూ ఒకే పేజీలో ఉంటే మాత్రం, డౌన్‌లోడు చెడిపోలేదని తెలుస్తుందంతే. సైటును ఆక్రమించినవాడు రెండింటినీ మార్చగలడు. జీపీజీ సంతకం (కంపెనీ తన రహస్య కీతో చేసే డిజిటల్ సంతకం) ఉంటే అదే నమ్మకం. కీ ఫింగర్‌ప్రింట్‌ను (ఆ కీని గుర్తుపట్టే పొట్టి సంఖ్యను) వేరే దారిలో, అంటే ఫోన్లోనో మాన్యువల్లోనో, పోల్చుకోండి.

తర్వాత ఫైలును వేయకుండానే విప్పి చూడాలి. ‘డీపీకేజీ-డెబ్ --ఇన్ఫో’ అంటే ఏయే ప్యాకేజీలు కావాలో చెబుతుంది. ‘--కంటెంట్స్’ అంటే ఏ ఫైలు ఎక్కడ పడుతుందో చూపుతుంది. ‘--కంట్రోల్’ అని ఒక ఫోల్డరు పేరిస్తే స్క్రిప్టులు అందులోకి వస్తాయి. వాటిలో ‘పోస్ట్‌ఇన్‌స్ట్’ను (ప్యాకేజీ ఫైళ్లు పడ్డాక నడిచేదాన్ని) పూర్తిగా చదవండి. ‘సీహెచ్‌మాడ్ 777’ (ఫైలును ఎవరైనా మార్చేలా తెరవడం), ‘కర్ల్’తో నెట్‌నుంచి ఇంకేదో దింపి నడపడం, సుడోయర్స్‌లో (రూట్ అధికారం ఎవరికో రాసుండే ఫైలులో) కొత్త లైను, ఏపీటీ (ప్యాకేజీలు తెచ్చి వేసే ప్రోగ్రాం) సోర్సుల్లో కంపెనీ రెపో, అంటే వాళ్ల ప్యాకేజీల సర్వర్, చేర్చడం: వీటిలో ఏది కనిపించినా ఆగి కంపెనీని అడగండి. రెపో చేర్చడం మామూలే, తప్పూ కాదు. కానీ ఆ తర్వాత మీరు చేసే ప్రతి అప్‌గ్రేడులోనూ వాళ్లకు వాటా ఉంటుంది.

పాత ఉబుంటుకు కట్టిన ప్యాకేజీ ‘లిబ్‌ఎస్ఎస్ఎల్1.1’ (ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ పాత లైబ్రరీ) కావాలని మొరాయిస్తుంది. ఉబుంటు 22.04 నుంచి అది లేదు. ఎక్కడినుంచో పాత డెబ్ తెచ్చి అతికించకండి, ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌వాళ్లు 1.1.1కు ఇచ్చే ఉచిత సెక్యూరిటీ సవరణలు 2023 సెప్టెంబరుతో ఆగిపోయాయి. కొత్త వెర్షన్ ఇమ్మని కంపెనీనే పట్టుకోండి.

ఇప్పుడు రిహార్సల్: ‘ఏపీటీ -ఎస్ ఇన్‌స్టాల్ ./ఫైలుపేరు’. ఇది ఏదీ మార్చకుండా ఏం జరగబోతుందో చెబుతుంది. ఫైలుపేరు ముందున్న చుక్క, ఏటవాలు గీత తప్పనిసరి. లేకపోతే ఏపీటీ ఆ పేరును రెపోల్లో వెతుకుతుంది. తొలగించబోయే ప్యాకేజీల జాబితా వస్తే అందులో డేటాబేస్ పేరుందేమో చూడండి. ఉంటే అక్కడితో ఆపేయాలి. అసలు వేసేటప్పుడు ‘-ఎస్’ తీసేసి ఇదే కమాండు ఇవ్వండి. ‘డీపీకేజీ -ఐ’ వాడకండి, అది డిపెండెన్సీలను (తనకు కావలసిన ఇతర ప్యాకేజీలను) తేదు, సగంలో వదిలేస్తుంది.

వేసేముందు డేటాబేస్ డంపు (పూర్తి నకలు), సెట్టింగులుండే ఈటీసీ ఫోల్డరు టార్ (ఒకే ఫైలుగా కట్టిన మూట) తీసి వేరే డిస్కులో పెట్టండి. వర్చువల్ మెషీన్ అయితే స్నాప్‌షాట్ కూడా. యూపీఎస్ బ్యాటరీ నిండిందో లేదో చూసుకోండి. ఈ ప్రాంతంలో అక్టోబరు, నవంబరు తుఫానులప్పుడైతే ఈ పని పెట్టుకోకపోవడమే మేలు. ఎస్ఎస్‌హెచ్‌లో, అంటే దూరంనుంచి కనెక్టయి, చేస్తుంటే ‘టీమక్స్’ లోపల చేయండి. సిగ్నల్ పోయినా పని ఆగదు. కరెంటు పోయి మధ్యలో ఆగితే ‘డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ’, తర్వాత ‘ఏపీటీ -ఎఫ్ ఇన్‌స్టాల్’. లాక్ ఉందంటే (ఇంకో ప్రోగ్రాం ప్యాకేజీలను మారుస్తోందని అర్థం) లాక్ ఫైలు చెరిపేయకండి: తరచుగా అది వెనకాల నడుస్తున్న ఆటోమేటిక్ అప్‌డేటే, అయిపోయేదాకా ఆగితే చాలు.

తెరిచి ఉన్న పోర్టులను చూపే ‘ఎస్ఎస్ -టీఎల్ఎన్‌పీ’ని ప్యాకేజీ వేసేముందు ఒకసారి, వేశాక ఒకసారి నడిపి పోల్చండి. కొత్త పోర్టు 0.0.0.0 మీద, అంటే సర్వర్ ఉన్న అన్ని నెట్‌వర్కులకూ, తెరుచుకుంటే ఫైర్‌వాల్‌లో మూయండి. రెపో చేరిందా? ఏపీటీ ప్రిఫరెన్సెస్‌లో ఆ రెపో మొత్తానికి ప్రయారిటీ -1 (వేయొద్దని), మీకు కావలసిన ప్యాకేజీకి మాత్రం 500 (మామూలు స్థాయి) పెట్టండి. ఎప్పుడైనా తీసేయాల్సి వస్తే ముందు ‘రిమూవ్’ వాడండి. ‘పర్జ్’ సెట్టింగులను, కొన్ని ప్యాకేజీల్లో డేటాను కూడా తుడిచేస్తుంది.