లోతుగా తెగినా రక్తం రాలేదా? కారణాలు, చేయాల్సినవి

పోయిన సంక్రాంతికి గుమ్మడికాయ కోస్తుంటే జారి మా వదిన చూపుడు వేలు కత్తిపీటకు తెగింది. గాయం నోరు తెరుచుకుని లోపల పచ్చగా కొవ్వు కనిపిస్తోంది. రక్తం మాత్రం నాలుగు చుక్కలు. "రక్తమే రాలేదు, ఏం కాలేదులే" అంటూ పసుపు డబ్బా అందుకోబోయింది. ఒకసారి వేలు వంచమన్నాను. చివరి కణుపు వంగలేదు. లోపల టెండన్, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటిది, తెగిపోయింది. ఆపరేషన్, ఆరు వారాలు చేతికి కట్టు.

సమస్య: కోత లోతుగా ఉంది, రక్తం కొంచెమే

కారణం: సన్న రక్తనాళాలు చర్మంలో దట్టంగా ఉంటాయి, దాని కింది కొవ్వు పొరలో తక్కువ. పదునైన అంచు పెద్ద నాళాలకు తగలకుండా పక్కనుంచి దిగిపోవచ్చు. ఇంకోటి, చిన్న ధమని అడ్డంగా పూర్తిగా తెగితే దాని గోడలోని కండరం బిగుసుకుంటుంది, కొసలు లోపలికి ముడుచుకుంటాయి, ప్లేట్‌లెట్లు వచ్చి మూత వేస్తాయి. సగం తెగిన నాళం అలా ముడుచుకోలేదు కాబట్టి అదే ఎక్కువసేపు కారుతుంది. తలమీద చిన్న దెబ్బకే చొక్కా తడిసిపోయేదీ ఇందుకే: అక్కడి నాళాలను చుట్టూ ఉన్న గట్టి కణజాలం పట్టి ఉంచుతుంది, ముడుచుకోనివ్వదు.

పరిష్కారం: కుళాయి నీళ్ల కింద బాగా కడగండి. శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు నొక్కి పట్టండి, మధ్యలో ఎత్తి చూడొద్దు. తర్వాత ప్రతి కణుపూ వంచి, చాచి చూడండి. వేలికి రెండు పక్కలా దూదితో తాకి, స్పర్శ తెలుస్తోందో లేదో గమనించండి. మనం రక్తనాళం, స్పర్శ తెలిపే నాడి, టెండన్ మూడింటినీ "నరం" అనే అంటాం. అందుకే రక్తం రాకపోతే నరం తెగలేదని అనుకుంటాం. వేలు వంగకపోయినా, తిమ్మిరిగా ఉన్నా, కొవ్వు కనిపిస్తున్నా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి. పసుపు, కాఫీ పొడి వద్దు. కుట్లు వేసే ముందు డాక్టరు అదంతా కడిగి తీయాలి, ఆ బాధ మీకే.

సమస్య: మేకు దిగింది, చుక్క రక్తం లేదు

కారణం: మేకు తీయగానే చర్మం మూసుకుంటుంది. తుప్పు, మట్టి, చెప్పు రబ్బరు ముక్క లోపలే ఉండిపోతాయి. రక్తం కారితే కాస్తయినా మురికి బయటికి వచ్చేది.

పరిష్కారం: సబ్బు నీళ్లతో కడిగి, టీటీ సంగతి చూసుకోండి. మురికి గాయమైతే, చివరి డోసు వేసుకుని ఐదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోవాలి. రెండు మూడు రోజుల్లో నొప్పి, వాపు పెరిగితే మందుల షాపులో మాత్రతో సరిపెట్టకండి. గ్రీజు గన్, పెయింట్ స్ప్రే వేలికి కొట్టినప్పుడు కూడా సూది బెజ్జమంతే కనిపిస్తుంది. అదైతే నొప్పి లేకపోయినా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

సమస్య: గాజు పెంకో, కత్తో ఇంకా లోపలే ఉంది

కారణం: తెగిన నాళానికి అదే బిరడా.

పరిష్కారం: పీకొద్దు. కదలకుండా చుట్టూ గుడ్డ చుట్టి తీసుకెళ్లండి.

సమస్య: వేలు నలిగి ఊడిపోయింది, అయినా పెద్దగా రక్తం లేదు

కారణం: మెషీన్‌లో పడినప్పుడు నాళాలు సాగి, మెలిపడి తెగుతాయి. దాంతో త్వరగా మూసుకుంటాయి.

పరిష్కారం: ఊడిన ముక్కను తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్‌లో కట్టి, ఆ కవర్‌ను ఐస్ నీళ్లలో ఉంచండి. ముక్కకు ఐస్ నేరుగా తగలకూడదు.

సమస్య: షుగర్ ఉన్నవాళ్ల పాదం తెగింది, రక్తమూ లేదు, నొప్పీ లేదు

కారణం: కాలికి రక్తప్రసరణ తగ్గి ఉండొచ్చు, నాడులూ దెబ్బతిని ఉండొచ్చు.

పరిష్కారం: ఎంత చిన్న గాయమైనా ఆ రోజే చూపించాలి.

సమస్య: పొట్టలోనో ఛాతీలోనో పొడుచుకుంది, బయట మరక కూడా సరిగ్గా లేదు

కారణం: కారేది లోపలికి కారుతుండొచ్చు. పొట్ట ఉబ్బడం, మొహం పాలిపోవడం, చల్లటి చెమటలు దానికి గుర్తులు. బీపీ పడిపోతే బయటికి వచ్చే రక్తం ఇంకా తగ్గుతుంది.

పరిష్కారం: గుర్తుల కోసం ఎదురుచూడకుండా 108కి ఫోన్ చేయండి. తాగడానికి మంచినీళ్లు కూడా ఇవ్వొద్దు.